ఆకుపచ్చ కప్పు కింద దారాల కొట్టు

గుడ్డముక్క చేతికిస్తే దారాలక్క దాన్ని కళ్ళ దగ్గరికి తెచ్చుకునేది కాదు. చేయి చాచి దూరంగా పట్టుకుని, తల కాస్త పక్కకి వంచి, ఎవరో చెబుతున్న అబద్ధాన్ని ఓపిగ్గా వింటున్నట్టు చూసేది. తర్వాత వెనక్కి తిరగకుండానే అరలోకి చేయి పోనిచ్చి ఒక రీలు తీసేది. దాన్నుంచి ఒంటి పోగు లాగి గుడ్డ మీద పరిస్తే, కొత్తగా వచ్చినవాళ్ళు మొహం చిట్లించేవాళ్ళు.

“కలవట్లేదండీ. కాస్త ఎర్రగా కొడుతోంది.”

“కొట్టనీ. వీధిలోకెళ్ళి చూసుకో. అప్పటికీ కలవకపోతే వచ్చి నన్ను తిట్టు.”

వాళ్ళు సణుక్కుంటూ వీధిలోకి వెళ్ళేవాళ్ళు. ఆరుబయట వెలుతురులో ఆ పోగు గుడ్డలో కలిసిపోయి ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చేది. తిరిగొచ్చేవాళ్ళు ఉంటే అదే రంగు ఇంకో రీలు కొనడానికే వచ్చేవాళ్ళు. తిట్టడానికి వచ్చినవాళ్ళు లేరు.

ఊళ్ళో దర్జీలందరూ ఆవిడ కోసం గాజుకప్పు బజారుకి వచ్చేవాళ్ళు. అందులో కోట్ల మాస్టారు మరీనూ. పాత కోటుకి రఫూ చేసినా కుట్టు కనబడకూడదని పట్టుదల ఉన్న మనిషి. దారం మాత్రం తన కళ్ళతో ఎంచుకునేవాడు కాదు. “కత్తెర నాది, కళ్ళు మా అక్కవి” అనేవాడు. అక్క అంటే సొంత అక్క కాదు. బజారంతటికీ ఆవిడ దారాలక్కే. అసలు పేరు కరెంటు బిల్లు మీద ఉండేది, దాన్ని చదివే తీరిక ఎవరికీ లేదు.

ఆ బజారు గురించి నాలుగు ముక్కలు చెప్పాలి. దాని గురించి రాసినవాళ్ళు చాలామందే ఉన్నారు. వాళ్ళందరూ దాన్ని కట్టించిన తోళ్ళ వ్యాపారిని దార్శనికుడంటారు. ఆయన దార్శనికుడో కాదో గానీ, మనుషుల నడక తెలిసినవాడు. పై వీధికీ కింది వీధికీ మధ్య ఒక బురద సందు ఉండేది. దానికి కప్పు వేస్తే వానలో జనం అటే నడుస్తారు, నడిచేవాళ్ళు ఆగుతారు, ఆగినవాళ్ళు ఏదో ఒకటి కొంటారు. ఇంతే ఆయన దర్శనం. పోత ఇనుప స్తంభాలు నిలబెట్టి, వాటి మీద చేప వెన్నెముకలా ఇనుప దూలాలు వంచి, మధ్య ఖాళీల్లో గాజు పలకలు బిగించాడు. అటూ ఇటూ ఒకే వెడల్పు కొట్లు, వాటి మీద అర్ధచంద్రాకారపు కిటికీలున్న గదులు. స్తంభాలు లోపల బోలు. కప్పు మీద పడ్డ వాన నీళ్ళన్నీ వాటిలోంచే భూమిలోకి దిగుతాయి. జడివాన పట్టిందంటే స్తంభాలు దాహం వేసిన మనుషుల్లా గుటకలు వేసేవి. కొత్తగా వచ్చినవాళ్ళు ఉలిక్కిపడి చుట్టూ చూసేవాళ్ళు, కొట్లవాళ్ళు నవ్వుకునేవాళ్ళు.

బజారు తిన్నగా ఉండదు, నడుమ ఒక వంపు తిరుగుతుంది. సరిగ్గా ఆ వంపు మీద ఎనిమిది పలకల గాజు గోపురం ఉంది. బజారు చూపించడానికి యాత్రికుల్ని వెంటేసుకొచ్చే గైడులు అక్కడ ఆగి, గొంతు తగ్గించి, “ఇది ఈ నిర్మాణానికి హృదయం” అని చెబుతారు. నిజానికి అది హృదయం కాదు, దెబ్బకి కట్టిన కట్టు. సందు మధ్యలో ఇల్లున్న ఒక ముసలావిడ చచ్చినా అమ్మనని భీష్మించుకుని కూర్చుంది. వ్యాపారి బతిమాలాడు, బెదిరించాడు, చివరికి దారినే పక్కకి వంచాడు. వంకర కనబడకుండా నెత్తిన గోపురం పెట్టించాడు. అక్కడికి రాగానే అందరూ తలెత్తి పైకి చూస్తారు కాబట్టి కాళ్ళు పక్కకి తిరిగిన సంగతి గమనించరు. ఆ ముసలావిడ ఇంటి మూల మిగిలిపోయి మూడు మూలల గది అయింది. ఏ బీరువా తిన్నగా నిలబడని ఆ గదిని ఎవరూ అద్దెకి తీసుకోలేదు. రీళ్ళు గుండ్రంగా ఉంటాయి కాబట్టి వాటికి గోడ ఎలా ఉన్నా ఒకటే అని దారాలక్క అత్తగారి అత్తగారు దాన్ని తీసుకుంది.

ఆ కొట్టులో ఒక నియమం ఉండేది. గల్లా దగ్గర ఉన్న ఎత్తు స్టూలు మీద కూర్చున్నవాళ్ళే రంగు చూడాలి. మిగిలినవాళ్ళు బొత్తాలు ఏరవచ్చు, లేసు కొలవచ్చు, కబుర్లు చెప్పవచ్చు, రంగు జోలికి మాత్రం రాకూడదు. స్టూలు మీద ఉన్నవాళ్ళకి చూపు తప్పిందని తెలిస్తే ఇంకొకరితో చెప్పించుకోకుండా తామే దిగిపోవాలి. దిగినవాళ్ళు మళ్ళీ ఎక్కకూడదు.

దారాలక్క కొత్త కోడలిగా ఆ కొట్లో అడుగుపెట్టిన కొద్ది రోజులకే అత్తగారు దిగిపోయింది. ఆరోజు ఎవరో ఒకావిడ కర్టెన్ల దారం తిరిగి తెచ్చింది. అంతకు ముందు కూడా ఇద్దరు ముగ్గురు తెచ్చారు. అత్తగారు డబ్బు తిరిగిచ్చి, వచ్చినావిడని గుమ్మం దాకా సాగనంపి, స్టూలు మీదున్న తన దిండు తీసి కోడలి చేతిలో పెట్టింది.

“ఎక్కు.”

“నాకేం తెలుసని అత్తయ్యా?”

“నేనెక్కినప్పుడు నాకేం తెలుసు? ఎక్కమన్నానా!”

తర్వాత ఆవిడ చాలా ఏళ్ళే బతికింది. వెనక గోడకి ఆనించిన పొట్టి బల్ల మీద కూర్చుని, తెగిన దారపు ముక్కల్ని అట్టలకి చుడుతూ ఉండేది. రంగు గురించి ఒక్క మాట అనేది కాదు. సాయంత్రం కొట్టు కట్టేటప్పుడు మాత్రం, “ఇవాళ ఎవరైనా తిరిగొచ్చారా?” అని అడిగేది. లేదంటే తల ఊపేది. “కళ్ళు ముందు పోయాయి, నోరు ఇంకా పోలేదు, అదీ నా కర్మ” అని తనమీద తనే జోకు వేసుకునేది. ఆ జోకుకి కొడుకు, అంటే దారాలక్క భర్త, ఒక్కడే నవ్వేవాడు. ఆయన ట్రాము డిపోలో పనిచేసి, పని దిగగానే కింది వీధి గేటులోంచి ఈల వేసుకుంటూ వచ్చేవాడు. గాజుకప్పు కింద ఈల రెండింతలై, మనిషికంటే ముందు కొట్టు చేరేది.

రంగు చూడటం దారాలక్క ఎవరి దగ్గరా నేర్చుకోలేదు, కాళ్ళతో నేర్చుకుంది. బజారు పై వీధి నుంచి కింది వీధికి వాలుగా ఉంటుంది. రీలు చేయి జారితే కింది గేటు దాకా దొర్లుకుంటూ పోతుంది. ఆవిడ కూడా అలాగే దొర్లినట్టు ప్రతి గుడ్డముక్కనీ పట్టుకుని వీధిలోకి పరిగెత్తేది, ఆయాసపడుతూ ఎక్కి వచ్చేది. అలా కొంతకాలం పోయాక ఒక సంగతి పట్టుబడింది. కొట్లో ముద్దుగా కలిసిన పోగు బయటికి తీసుకెళ్తే పాలిపోయి కనిపిస్తోంది. దాని పక్కనున్న, ఒక మెట్టు ఎర్రటి పోగు బయట సరిపోతోంది. ఎందుకలా? ఆవిడే ఒక కారణం చెప్పుకుంది: దారానికి మెరుపుంటుంది, గుడ్డకి ఉండదు, ఆ మెరుపుని చంపడానికి కాస్త ఎరుపు కావాలి. కారణం దొరికాక కాళ్ళకి విశ్రాంతి దొరికింది. క్రమంగా అది ఆలోచన కూడా కాకుండా పోయింది, చేతికే అలవాటైంది.

తనకి కోడలు వచ్చాక దారాలక్క ఆ అమ్మాయికీ అదే పాఠం చెప్పబోయింది.

“కలిసినదాన్ని తీయకు. దాని పక్కింటిదాన్ని తీయి.”

“కలిసినదాన్ని వదిలేసి కలవనిదాన్ని కట్టుకోవడం నాకు అలవాటేలెండి అత్తయ్యా. మీ అబ్బాయిని చేసుకోలేదూ!”

“వాడే నిన్ను ఎంచుకున్నాడు. వాడికీ రంగు తెలియదని అప్పుడే అర్థమైంది నాకు.”

ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు ఇలా గిల్లుకుంటూనే ఉండేవాళ్ళు, ఒకళ్ళు లేకుండా ఇంకొకళ్ళు టీ తాగేవాళ్ళు కాదు. రంగు మాత్రం కోడలికి పట్టుబడలేదు. కంటికి ఏది కలిస్తే దాన్నే తీసేది. వీధిలోకి తీసుకెళ్తే తప్పయ్యేది. “నాకు అబద్ధం చెప్పడం రాదు, ఏం చేయను” అని లేసు కొలవడానికి వెళ్ళిపోయేది.

అప్పుడు కప్పు బాగుచేసే పని మొదలైంది.

ఇనుము తుప్పు పట్టింది, బోలు స్తంభాల్లో సగం పూడిపోయాయి, గాజు పలకలు జారి కిందపడుతున్నాయి. బాగుచేయకపోతే మూసేయమని నగరపాలక సంస్థ చెప్పింది. పాత గాజు తీసేసి కొత్తది వేస్తారని తెలియగానే ఒక పరిరక్షణ సంఘం పుట్టుకొచ్చింది. ఆ గాజు లేత ఆకుపచ్చది, లోపల సన్నటి తీగల వల ఉంటుంది. దశాబ్దాల మసి, పావురాల రెట్ట దానికి అదనం. బతుకులో ఒక్కసారైనా ఒక్క పలక తుడవనివాళ్ళు కూడా దాని గురించి కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. “మన పూర్వుల వెలుతురు” అని గుడ్డ మీద రాయించి గోపురానికి కట్టారు. దారాలక్క ఆ గుడ్డ కుట్టుకి దారం అమ్మింది, అంతకుమించి పట్టించుకోలేదు.

పట్టించుకోకపోవడం అంటే ప్రేమ లేకపోవడం కాదు. ఆ వెలుతురు అందమైనదే. మధ్యాహ్నాలు బజారంతా చెరువు అడుగున ఉన్నట్టు ఉండేది. టోపీల కొట్టులోంచి ఉన్ని ఆవిరి వాసన, చెప్పుల కొట్టులోంచి పాలిష్ వాసన, వానొస్తే గేట్ల దగ్గర దులుపుకున్న గొడుగుల తడి వాసన. అందరూ కాస్త నెమ్మదిగా, కాస్త మెత్తగా కనిపించేవాళ్ళు. భర్త ఆ గుమ్మంలో నిలబడి, “మూస్తున్నారా, నేనే మూసేదా?” అని అడిగేవాడు. ఆయన మొహం తలుచుకుంటే ఇప్పటికీ ఆ ఆకుపచ్చ నీడతోనే గుర్తొస్తుంది. టోపీల కొట్టు పోయింది. ట్రాములు పోయాయి. ఆయనా పోయాడు. వెలుతురు మిగిలింది, అందుకే దాన్ని ఎవరూ ప్రత్యేకంగా చూడలేదు.

పని పై వీధి గేటు నుంచి మొదలై, ఒక్కో దూలం చొప్పున కిందికి జరిగింది. టార్పాలిన్ కప్పడం, పాతది విప్పడం, తుప్పు గీకడం, కొత్తది బిగించడం. ఒకరోజు పొద్దున గోపురం మీది టార్పాలిన్ లాగేశారు. ఎవరో ఇంటి తలుపు బార్లా తీసినట్టయింది. అందరూ కొట్లలోంచి బయటికొచ్చారు. గోధుమరంగనుకున్న కొట్ల తలుపులు నిజానికి ముదురు ఎరుపని తెలిసింది. ఎదుటి కొట్టు గడియారాల బాబాయి అద్దంలో మొహం చూసుకుని కేక పెట్టాడు.

“అమ్మాయ్, నా మొహం మీద ఇన్ని ముడతలున్నాయని ఇన్నేళ్ళలో ఒక్కళ్ళు చెప్పలేదేం?”

“చెబితే నువ్వు మానుకునేవాడివా బాబాయ్?” అంది దారాలక్క. అరవై దాటిన తనని అమ్మాయ్ అని పిలిచే మనిషి ఆయనొక్కడే మిగిలాడు. ఆయనకి ఎనభై దాటాయి, గడియారం తిప్పే చేయి మాత్రం ఇంకా వణకదు.

తర్వాత వారంలోనే కోట్ల మాస్టారు తిరిగొచ్చాడు. ఆయన తిరిగిరావడం ఆ కొట్టు చరిత్రలో లేదు. నీలం కోటు భుజం మీద వేసుకుని, తప్పు తనదే అన్నట్టు నిలబడ్డాడు.

“అక్కా, ఏమీ అనుకోకు. ఇది ఊదాగా పోతోంది.”

“మీ గుడ్డ మాసిందేమో మాస్టారూ.”

“ఉతికే తెచ్చానక్కా.”

ఆవిడ ఇంకో రీలు తీసిచ్చింది. అదీ ఊదాగానే పోయింది. తర్వాత టీచరమ్మ స్కర్టు. తర్వాత ఒక కుర్చీల అంగడివాడి గోధుమరంగు తోలుకి వేసే దారం. రీలు తిరిగొచ్చిన ప్రతిసారీ దారాలక్క స్టూలు మీద సర్దుకుని కూర్చుంది. అత్తగారి దిండు ఎప్పుడో చిరిగిపోయి దాని చోట కొత్త దిండు వచ్చింది. ఇప్పుడు ఆ కొత్త దిండు కూడా కింద ముళ్ళున్నట్టు గుచ్చుకుంది.

ఎవరికీ చెప్పకుండా కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళింది. డాక్టరు అక్షరాలు చదివించి, రంగుల చుక్కల పుస్తకం తిప్పి చూపించి, “మీ కళ్ళు మీకంటే చిన్నవాళ్ళవండీ, భేషుగ్గా ఉన్నాయి” అన్నాడు. ఇంకొకళ్ళయితే సంతోషించేవాళ్ళు. ఆవిడకి అప్పుడే అసలు భయం పట్టుకుంది. కళ్ళు బాగానే ఉంటే పోయింది ఇంకేదో. బుర్రేమో.

నిజం ఒకరోజు అనుకోకుండా తెలిసింది. కింది గేటు దగ్గరి టీ బండికి వెళ్తూ, చేతిలో ఉన్న మెరూన్ గుడ్డనీ నాలుగు రీళ్ళనీ అలాగే పట్టుకెళ్ళింది. అటువైపు కప్పుకి ఇంకా పాత గాజే ఉంది. టీ చల్లారేలోగా పరధ్యానంగా గుడ్డ మీద పోగు పరిచింది. చేయి తనంతట తనే ఒక రీలు దగ్గర ఆగింది. దాన్ని పట్టుకుని వీధిలోకి నడిచింది. సరిగ్గా కలిసింది.

అప్పటినుంచి ఆవిడ టీలు ఎక్కువయ్యాయి. ఎవరైనా గుడ్డ తెస్తే, “ఉండు, గొంతు ఎండిపోతోంది” అని దాన్ని పైట కింద దాచుకుని కింది గేటుకి వెళ్ళి, పాత గాజు కింద రంగు చూసుకుని వచ్చేది. కొత్త గాజే అబద్ధాలు చెబుతోందని తేల్చుకుంది. పరిరక్షణ సంఘం మహజరు మీద సంతకం చేసింది. గోపురం కింద నిలబడి, “మన పూర్వుల వెలుతురు” అని అందరితో కలిసి అరిచింది కూడా. పని మాత్రం ఒక్కో దూలం చొప్పున కిందికి జరుగుతూనే ఉంది. ఆవిడ టీ బండి చోటు నానాటికీ కుంచించుకుపోతోంది.

ఒక మధ్యాహ్నం టీ నుంచి వస్తుంటే, కోట్ల మాస్టారు వీధిలోంచి కొట్లోకి వస్తూ కనిపించాడు. చేతిలో రీలు ఉంది, మొహం వెలిగిపోతోంది.

“దొరికింది కోడలా! గుడ్డలో గుడ్డై కూర్చుంది. ఎలా పట్టావే తల్లీ?”

కోడలు స్టూలు పక్కన నిలబడి ఉంది. అత్తగారిని చూసి రెండడుగులు వెనక్కి వేసింది.

“నేను ఎక్కలేదత్తయ్యా. ఒట్టు. నిలబడే తీశాను. మాస్టారు తొందరపడితేనూ...”

“ఏది తీశావు?”

“కలిసినదాన్నే. నాకు అదొక్కటే కదా వచ్చు.”

దారాలక్క ఆ రీలు చూసింది. తనైతే దాని పక్కది తీసేది. ఒక మెట్టు ఎర్రది. మాస్టారు ఉన్నాడు కాబట్టి నవ్వింది. మాస్టారు వెళ్ళాక స్టూలు వంక చూసి, ఎక్కలేక, మళ్ళీ కింది గేటుకే నడిచింది.

అక్కడ చివరి దూలం కింద నిచ్చెనలు వేస్తున్నారు. పని చేయించే ఇంజినీరమ్మ స్తంభం పైనుంచి దిగుతోంది.

“ఇంజినీరమ్మా, ఈ ఒక్క ముక్కా ఉంచేయండి. పాతది. అసలైన గాజు. పూర్వులది.”

ఇంజినీరమ్మ చేతి తొడుగులు విప్పుతూ నవ్వింది. “ఇది అసలుది కాదండీ. రండి చూపిస్తాను.”

స్తంభం తల దగ్గర పూడిపోయిన కాలువలోంచి తీసిన చెత్త ఒక బకెట్లో ఉంది. మట్టి, ఆకులు, పిచ్చుక గూళ్ళు, వాటి మధ్య గాజు పెంకులు. ఒకటి తుడిచి చేతిలో పెట్టింది. నీళ్ళలా తెల్లగా ఉంది. తీగ లేదు, ఆకుపచ్చ లేదు.

“ఇదీ మొదట్లో వేసింది. ప్రతి స్తంభంలోనూ దొరుకుతోంది. ఎప్పుడో ఒక్కసారిగా పగిలి కాలువల్లో పడింది. ఆ తర్వాతే ఆకుపచ్చది వేశారు. మేం ఇప్పుడు వేస్తున్నది ఇలాంటిదే.”

దారాలక్క ఆ పెంకు పట్టుకుని తిన్నగా గడియారాల బాబాయి దగ్గరికి వెళ్ళింది.

“బాబాయ్, ఈ కప్పు ఎప్పుడైనా పగిలిందా?”

“పగలడమేంటి, చెప్పులో కాలు పెట్టుకునే లోపు మొత్తం పోయింది. వడగళ్ళు. నిమ్మకాయలంత. నీ పెళ్ళికి కాస్త ముందు. బజారంతా గాజు పెంకులు. డబ్బుల్లేక ఎన్ని నెలలో టార్పాలిన్లు కప్పి ఉంచారు, పట్టపగలు దీపాలే. తర్వాత ఏదో ఫ్యాక్టరీ వాళ్ళది మిగిలిపోయిన తీగ గాజు చవగ్గా దొరికిందని తెచ్చి బిగించారు.”

“మా అత్తగారు స్టూలు దిగింది...”

“అదే కదా. టార్పాలిన్లు తీసిన కొద్ది రోజులకే. చీకట్లో కూర్చుని కూర్చుని కళ్ళు చెడగొట్టుకుందనుకున్నాం అందరం. ఆవిడా అదే అనుకుంది పాపం.”

దారాలక్క కొట్లోకి వచ్చి నిలబడింది. కోడలు ఏదో అడిగింది, వినబడలేదు. తెల్లటి గాజు కింద నేర్చుకున్న అత్తగారు కంటికి కలిసినదాన్నే తీసేది. ఆకుపచ్చ గాజు వచ్చాక అవే తప్పయ్యాయి. కళ్ళు చక్కగా ఉన్న మనిషి, కళ్ళు పోయాయని నమ్మి, పొట్టి బల్ల మీద కూర్చుని తెగిన దారాలు చుట్టింది. ప్రతి సాయంత్రం ఎవరైనా తిరిగొచ్చారా అని అడిగింది. కారణం నెత్తిమీదే ఉంది. తలెత్తి చూడటానికే గోపురం కట్టిన చోట ఎవరూ ఆ కారణాన్ని చూడలేదు.

ఆవిడకి ఏడుపొచ్చింది. కానీ కోడలి ముందు ఏడవడం ఇష్టం లేక బొత్తాల పెట్టె ముందేసుకుని ఏరింది.

మర్నాడు చివరి దూలం విప్పారు. ఇంజినీరమ్మ ఒక ఆకుపచ్చ పలకని శుభ్రంగా కడిగించి, అంచులకి గుడ్డ చుట్టించి, తనే స్వయంగా తెచ్చి ఇచ్చింది.

“మీ కోడలు చెప్పింది టీల సంగతి. మీకు ఆ వెలుతురే అలవాటు కదా. దీన్ని స్టూలు మీదికి వచ్చేలా కట్టించుకోండి. మీకు మీ పాత కొట్టు వచ్చేస్తుంది.”

“నువ్వెప్పుడు చూశావే నా టీలు?” అంది దారాలక్క కోడలితో.

“రోజుకి అన్ని టీలు తాగే మనిషి ఒక్కసారి కూడా నన్ను పిలవకపోతే అనుమానం రాదేంటి?”

ఇంజినీరమ్మ వెళ్ళాక ఇద్దరూ పలకని రెండు అరల మధ్య అడ్డంగా నిలిపారు. దాని నీడ గల్లా మీద పడింది. దారాలక్క మాస్టారి పాత నీలం ముక్క తీసింది. చేయి వెనక్కి పోయింది, రీలు తెచ్చింది. కోడలు దాన్ని వీధిలోకి తీసుకెళ్ళి చూసి వచ్చింది.

“అచ్చు. పోగు ఎక్కడుందో నాకే తెలియలేదు.” కోడలు గొంతులో సంతోషమే ఉంది. “ఇక మీరు దిగక్కర్లేదత్తయ్యా. అమ్మయ్య.”

దారాలక్క ఆ కాస్త నీడలో చూస్తూ కూర్చుంది. అరలు, బొత్తాల పెట్టెలు, గుమ్మం. అంతా మెత్తగా, నీళ్ళ అడుగున ఉన్నట్టు, ఎవరో ఇప్పుడే ఈల వేసుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడతారన్నట్టు ఉంది. చాలాసేపు చూసింది. కోడలు అడ్డం రాకుండా పక్కకి జరిగి నిలబడింది.

తర్వాత ఆవిడ అడిగింది. “దీనికింద నీకేం తెలుస్తుంది?”

“నాకా? నాకేం తెలియదు. మీకు తెలుసుగా, నాకు ఎప్పుడూ తెలియలేదు. పర్వాలేదు, లేసు కొలుచుకుంటాను.” అని వెనక పొట్టి బల్ల మీద కూర్చుంది.

“అక్కడ కూర్చోకు.”

“ఎందుకు?”

“కూర్చోకన్నానా! లేచి ఇటొకసారి పట్టు. జాగ్రత్త, జారుతుంది.”

ఇద్దరూ కలిసి పలకని దించారు. దారాలక్క దాన్ని ఆ సాయంత్రమే పరిరక్షణ సంఘానికి ఇచ్చేసింది. వాళ్ళు వెల్వెట్ గుడ్డ పరిచి, గాజు పెట్టెలో పెట్టి, కింద “అసలైన పురాతన గాజు” అని రాయించారు. ఆవిడ చదివి ఊరుకుంది. వాళ్ళతో వాదించే కంటే తనకి వేరే పనుంది.

ఆ రాత్రి భోజనం దగ్గర దారాలక్క తన అత్తగారి కథంతా కోడలికి చెప్పింది. చెప్పి, “నియమం ప్రకారం నేను దిగాలి” అంది.

“మీరు దిగితే నేనెక్కాలి. ఆ స్టూలెక్కితే నాకు నడుం పట్టేస్తుంది. పైగా మీలా జనాన్ని తిట్టి పంపడం నాకు చేతకాదు, ఒక్కడూ రాడు. దిగడం, ఎక్కడం ఏంటండీ, అదేమన్నా సింహాసనమా?”

“మా అత్తగారి అత్తగారు పెట్టిన నియమం.”

“వాళ్ళకి తెలియదుగా కప్పు మారుతుందని.”

మర్నాటి నుంచి కోడలు పక్కన నిలబడి చూపించింది, దారాలక్క స్టూలు మీద కూర్చుని నేర్చుకుంది. అరవై ఏళ్ళు దాటాక చేతికి అలవాటు మానిపించడం ఎంత కష్టమో ఎవరికి వాళ్ళకే తెలియాలి. ఎదురుగా కలిసిన పోగు కనిపిస్తూనే ఉండేది, చేయి మాత్రం పక్కదాని మీదికి పోయేది. “అదిగో, మళ్ళీ పక్కింటికెళ్ళారు” అనేది కోడలు. ఆవిడ చేతిని చేత్తో కొట్టుకునేది. కొన్ని సరిపోయాయి. కొన్ని సరిపోలేదు. కంటికి కనిపించినదాన్ని కనిపించినట్టే ఒప్పుకోవడం ఆవిడకి ఏదో చిన్నతనంగా ఉండేది, ఇంత తేలికైనది విద్య ఎలా అవుతుందని.

చలికాలం మొదట్లో కోట్ల మాస్టారు వచ్చాడు. ముందురోజు ఆవిడే ఎంచి ఇచ్చిన రీలు చేతిలో ఉంది. కొట్లో ఇంకో ఇద్దరు కొనేవాళ్ళు ఉన్నారు. మాస్టారు వాళ్ళవంక చూసి, గొంతు తగ్గించాడు.

“అక్కా, ఇది కలవలేదు.”

కోడలు లేసు కొలుస్తున్నది ఆపి తలెత్తింది. ఏదో అనబోయి, మళ్ళీ కొలవడంలో పడింది. కొనేవాళ్ళిద్దరూ గల్లా వైపు తిరిగారు. ఎదుటి కొట్లో గడియారాల బాబాయి కూడా కళ్ళజోడు పైకి జరుపుకుని ఇటు చూశాడు. ఆయనకి ఇలాంటిదొకటి ఇంతకు ముందు చూసిన గుర్తుంది.

దారాలక్క రెండు చేతులూ గల్లా మీద ఆనించింది. దిగేవాళ్ళు అలాగే ఆనించుకుని దిగుతారు.

“ఏదీ, ఇలా ఇవ్వండి మాస్టారూ” అంది. “తప్పు నాదే. ఇంకోటి చూద్దాం.”

గుడ్డ చేయి చాచి పట్టుకుంది. పైనుంచి వెలుతురు తెల్లగా, నిర్దాక్షిణ్యంగా పడుతోంది. ఒక పోగు లాగింది, పక్కన పెట్టింది. ఇంకో పోగు లాగింది. అది కలిసింది. చేయి దాన్ని దాటి పక్కదాని మీదికి పోబోయింది, ఆపుకుంది. కలిసినదాన్నే తీసి మాస్టారి చేతిలో పెట్టింది.

“వీధిలోకెళ్ళి చూసుకురండి. కలవకపోతే మళ్ళీ రండి, ఇక్కడే ఉంటాను.”

మాస్టారు రీలూ గుడ్డా పట్టుకుని కింది గేటు వైపు నడిచాడు. ఆయన తిరిగొచ్చేలోగా ఆవిడ స్టూలు మీదే కూర్చుని, వరసలో తర్వాత ఉన్నావిడ గుడ్డముక్క కోసం చేయి చాచింది.